నమిలితే సంగటి కాదు

మదనపల్లెలో మా సందు మొదట్లో పిండి మర ఉంది. పొద్దున రాగులు పోశారంటే వేడి పిండి వాసన సందంతా కమ్ముకుంటుంది. ఈ ఊళ్ళో ఆ వాసనకు ఎవరూ తల తిప్పరు. నేను మాత్రం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నడుస్తాను. నాకు దుమ్ము పడదని మర ఆయన నమ్మకం. జాలిపడి ఒకసారి దగ్గు మందు పేరు కూడా చెప్పాడు. నాకు పడనిది దుమ్ము కాదు. ఆ వాసన నన్ను తీసుకుపోయి బెర్లిన్‌లో ఒక ఇరుకు వంటగదిలో నిలబెడుతుంది. అక్కడ రత్నక్క లేదన్న సంగతి మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవలసి వస్తుంది.

రత్నక్కది కుప్పం. అసలు పేరు మునిరత్న. మెట్ట నేలల్లో వాన నీళ్ళు ఎక్కడ ఇంకుతాయో, ఎటు పోతాయో బెర్లిన్‌లోని విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ ఉండేది. "మా ఊర్లో నీళ్ళు యాడికి పోయినాయో కనుక్కోను ఇంత దూరం రావాల్సొచ్చింది సూడు" అనేది. పుంగనూరు నుంచి ఎం.ఎస్. చదవడానికి నేను అక్కడికి బయలుదేరేనాటికి, ఆ మహానగరంలో నాకు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. తెలియడమంటే ఫోనులో రెండుసార్లు మాట్లాడటం. విమానాశ్రయం బయట నన్ను చూడగానే ఆమె ప్రయాణం సంగతి అడగలేదు.

"రాగి పిండి తెచ్చినావా?"

"తెచ్చినానక్కా. లోపల పట్టుకున్నారు. ఇదేందని అడిగిరి."

"నువ్వేం జెప్తివి?"

మా జిల్లా తిండి అని చెప్పబోయి, కంగారులో ‘దిస్ ఈజ్ మై డిస్ట్రిక్ట్’ అన్నాను. ఆ అధికారి మా జిల్లాను ఒకసారి వాసన చూసి, అభ్యంతరం లేదని తిరిగి ఇచ్చేశాడు. ఇది విని రత్నక్క రైలు ఎక్కేదాకా నవ్వింది. నా చేతిలోంచి పిండి సంచి మాత్రమే తీసుకుంది, పెట్టెలు నాకే వదిలేసింది.

ఆ వారాంతమే ఆ రాగి పిండితో సంగటి ముద్దలు చేసింది. సంగటి కట్టె లేదు కాబట్టి చపాతీల కర్రతో గెలికింది. నేను టౌనులో అన్నం మీద పెరిగినవాణ్ణి. ముద్ద తుంచి, పప్పులో అద్ది, మర్యాదగా నమలడం మొదలుపెట్టాను. ఆమె కర్ర కింద పెట్టేసింది.

"ఒరే, నమల్తాండావేందిరా? నమిలితే సంగటి కాదప్పా, బంక. పండ్లకు పని పెట్టద్దు. అట్లే మింగాల."

"గొంతుకు అడ్డం పడితే?"

"పడదు. మన గొంతులు అట్ల జేసి పంపినాడు దేవుడు."

మొదటి పరీక్షల్లో నేను తప్పాను. మా ఇంట్లో అంతవరకూ ఎవరూ పరీక్ష తప్పలేదు. రాసినవాళ్ళు తక్కువ కావడం అందుకు కొంత కారణం. తిరిగి వెళ్ళిపోదామని పెట్టె సర్దాను. రత్నక్క వచ్చి ఆ పెట్టె మీదే కూర్చుంది. "ఫెయిలనే మాటను నోట్లో పెట్టుకోని నమల్తా ఉండావు. ఏమన్నా రసముండాదా దాంట్లో? మింగేయ్. మింగి, రేపు లైబ్రరీకి రా." వెళ్ళాను. రెండోసారి గట్టెక్కాను. చలి, ఒంటరితనం, ట్రాములో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే జనం, అన్నిటినీ ఆ పద్ధతిలోనే లోపలికి పంపడం నేర్చుకున్నాను. నా చదువు పూర్తయిందంటే ఆమె వల్లనే. ఈ మాట ఎక్కడైనా చెబుతాను.

ఆమె చదువు మాత్రం ముందుకు కదల్లేదు. ఏ అధ్యాయం రాసి ఇచ్చినా ఆమె ప్రొఫెసర్ చిరునవ్వుతో ‘ఇంటరెస్టింగ్’ అనేవాడట. మంచిదే కదక్కా అన్నాను. "నీకు తెలీదప్పా. ఈడ ఇంటరెస్టింగ్ అంటే, మన పక్క సూద్దాంలే అన్నెట్ల." చిత్తూరు జిల్లాలో ‘చూద్దాంలే’ అన్నాక ఇంకెవరూ చూడరు. అది ఇద్దరికీ తెలుసు. ఆమె మళ్ళీ రాసేది. ఆయన మళ్ళీ చిరునవ్వు నవ్వేవాడు.

కడుపులో నొప్పి ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నడుస్తూ నడుస్తూ గోడకు చెయ్యి ఆనించి ఆగేది. "యాల ఆగినావక్కా?" అంటే, "ఆ బిల్డింగు బాగుండాదని సూస్తాండా" అనేది. ఆ వీధిలో అన్నీ ఒకేలాంటి బూడిదరంగు బిల్డింగులు. చివరికి మజ్జిగ కూడా ఇమడకపోతే బలవంతం చేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మంచి మనిషే, ఓపికగా అడిగింది. "మీ నొప్పికి ఒకటి నుంచి పది దాకా ఎంత వేస్తారు?"

రత్నక్క పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు ఆలోచించింది. "రెండు."

డాక్టరు రెండు అని రాసుకుంది. రెండుకు తగిన మాత్రలు ఇచ్చింది. ట్రాములో అడిగాను, నిలబడలేని నొప్పికి రెండు మార్కులేందక్కా అని.

"మరి పది ఎవురికిరా? సచ్చిపోయేవాళ్ళది పది. మా జేజమ్మకు కాన్పులో బిడ్డ అడ్డం తిరిగితే, అది తొమ్మిది. గుట్ట మింద రాళ్ళు కొట్టేవాళ్ళు ఐదారులో ఉంటారు. నేను ఈడ హీటరు పక్కన కూసోని మూడు అంటే సిగ్గుగా ఉండదా?"

ఇద్దరం పగలబడి నవ్వాం. ఎదురు సీటు పెద్దాయన మమ్మల్ని చూసి తానూ నవ్వాడు. నా జీవితంలో విన్న మంచి జోకుల్లో అదొకటి.

మాత్రలు అయిపోయాక కూడా ఆమె లైబ్రరీకి వెళ్తూనే ఉంది. ఒక ఉదయం మంచం మీద నుంచి లేవలేకపోయింది. ఈసారి ఆసుపత్రిలో ఎవరూ మార్కులు అడగలేదు, నేరుగా స్కానింగ్ తీశారు. గడ్డ కడుపంతా పాకింది. ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నారని కొత్త డాక్టరు ఆశ్చర్యపోయాడు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా ఆమె నావైపు చూసింది. "ఏం జెప్పల్ల ఈయనకు? సంగటి గురించి చెప్పనా?" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంటివాళ్ళు ఆమెను కుప్పం తీసుకొచ్చేశారు. చివరి పరీక్షలు ముగించుకుని నేను వచ్చేసరికి వరండాలో నులక మంచం మీద ఉంది. మనిషి కన్నా దుప్పటే ఎక్కువగా కనిపించింది. మంచం పట్టె మీద కూర్చుని, నాకు వచ్చిన ఒకే ఒక విద్య వాడాను.

"ఇప్పుడెంతక్కా?"

చాలాసేపు లెక్కపెట్టుకుంది. "పది కాదులేప్పా," అంది. "ఇంకా మాట్లాడతాండా గదా."

ఆ వారంలోనే మాట పడిపోయింది. ఆ తర్వాతి రోజులకు ఎంత వేయాలో చెప్పేవాళ్ళు లేరు.

ఇప్పుడు నేను మదనపల్లెకు దగ్గర్లోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఏటా కొందరు పిల్లలు విదేశాలకు వెళ్తూ, చెప్పి పోదామని వస్తారు. సోమల నుంచి, చౌడేపల్లె నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరూ నొప్పి అని పైకి అనరు, కొంచెం నలతగా ఉంది అంటారు. మొన్న ఒక అమ్మాయి వచ్చింది. "సార్, ఆడ ఉండి వచ్చినారు గదా. మాకేమన్నా చెప్పండి సార్."

చెప్పాలి. నొప్పి వస్తే అరవమని, మన మర్యాద అక్కడి కాగితాల్లో నొప్పి లేనట్టు నమోదవుతుందని, రత్నక్క అని ఒక మనిషి ఉండేదని చెప్పాలి. నోరు తెరిచాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురుచూసింది.

"చలి ఎక్కువమ్మా," అన్నాను. "మంచి కోటు కొనుక్కో."