కళ్లకు అద్దుకున్న గుడ్డు

లక్సెట్టిపేట దగ్గర మా చిన్నమ్మ, చిన్నబాపు వాళ్లకు కోళ్ల షెడ్డు ఉండేది. పొద్దున్నే చేతికొచ్చిన మొదటి గుడ్డును, వేడి ఆరకముందే, మూసిన కళ్లకు అద్దుకునేది చిన్నమ్మ. ఆ తర్వాతే ట్రేలో పెట్టేది. ఎందుకని అడిగితే "కండ్లు సల్లగైతయి బిడ్డా" అనేది. వెచ్చటి గుడ్డుతో కళ్లెలా చల్లబడతాయో నాకు అంతుపట్టేది కాదు.

ఓ వానాకాలం కోళ్ల తలమీది ఎర్రజుట్టు నల్లబడి, ఒక్కొక్కటే ఒరిగిపోవడం మొదలైంది. పశువుల డాక్టరు చచ్చినదాన్ని కోసి చూసి, రోగం నెత్తురుకెక్కిందన్నాడు. నీళ్లలో కలిపే మందిచ్చి, తను చెప్పేదాకా గుడ్లు అమ్మొద్దన్నాడు.

మందు మొదలుపెట్టిన మర్నాడు పొద్దున్నే, అంగన్‌వాడీలకు గుడ్లు తీసుకెళ్లే ఆటో గేటు ముందు హారన్ కొట్టింది. చిన్నబాపు ట్రేలు ఎత్తుకున్నాడు.

"మందు తాగిన కోడి పెట్టిందని గుడ్డు మీద రాసుంటదా? జరుగు."

చిన్నమ్మ గేటుకు అడ్డం నిలబడింది. "పసిపోరగాండ్లు తినేటియి. నేను జరుగ."

"నన్ను పరేషాన్ చెయ్యకు. జరుగుమన్ననా?"

"తొక్కుకుంట పో."

మళ్లీ హారన్ మోగింది. ఆమె రెప్ప వేయలేదు. చాలాసేపటికి ఆటో వెళ్లిపోయింది. చిన్నబాపు ట్రేలు కింద పెట్టి, గడ్డపార తీసుకుని షెడ్డు వెనక గొయ్యి తవ్వడానికి పోయాడు.

గోతి దగ్గర చిన్నమ్మ మొదటి గుడ్డు తీసి కళ్లకు అద్దుకుంది. ఆ చెయ్యి ఎంతకీ కిందికి దిగలేదు. దిగాక, తడైన గుడ్డును అమ్మకానికి తుడిచినట్టే కొంగుతో తుడిచి, వంగి గోతిలో పెట్టింది.