వదిన స్కాన్లు వెళ్లిన దారి

పార్సిప్పనీ ఊళ్లోని మా ఆఫీస్‌లో నా పక్క సీట్లో కూర్చునే సీనియర్‌ని నేను అన్నా అంటాను. చేరిన కొత్తలో నాకు పని నేర్పిందీ, మీటింగుల్లో నేను నోరు పారేసుకున్నప్పుడల్లా సర్దిచెప్పిందీ ఆయనే. ఆయన భార్య నాకు వదిన. పోయిన చలికాలంలో వదిన తలలో గడ్డ ఉందని తెలిసింది. ఇక్కడి హాస్పిటల్ వాళ్లు ఆపరేషన్ మా వల్ల కాదన్నారు. వేరే రాష్ట్రంలోని ఒక పెద్ద హాస్పిటల్ మాత్రం స్కాన్లు పంపితే చూసి చెబుతామంది. శుక్రవారం మధ్యాహ్నం అక్కడి డాక్టర్లందరూ కూర్చుని కేసులు చూస్తారు. ఆలోపు అందకపోతే మళ్లీ వచ్చే నెలే. గడ్డ అప్పటిదాకా ఆగదని ఇక్కడి డాక్టర్ ముందే చెప్పాడు.

పాత హాస్పిటల్ వాళ్లు స్కాన్లని తమ సర్వర్‌లో పెట్టి, ఆ శుక్రవారం ఉదయమే లింక్ పంపారు. తెరిస్తే వందల ఫైళ్లు. ఒక్కో ఫైలూ తల లోపలి ఒక్కో పొర. వేరే ఎవరైనా అయితే ఒక్కోటీ క్లిక్ చేసుకుంటూ పోయేవాళ్లు. మేం సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, అన్నీ వాటంతటవే దిగేలా అన్న ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాడు. నేను కాఫీ తెచ్చేలోపు అన్నీ దిగిపోయాయి. వెంటనే బ్రౌజర్‌లోంచి కొత్త హాస్పిటల్‌కి అప్‌లోడ్ కూడా చేసేశాడు.

"అయిపోయిందా? గింత ఫాస్ట్‌గనా?" అన్నాను.

"మరి మన ఆఫీస్ నెట్ అంటే ఏమనుకున్నావ్," అని నవ్వాడు. ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది.

కాసేపటికి అక్కడి కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. మీరు పంపినవాటిలో ఒక్కటీ తెరుచుకోవడం లేదు అంది. అన్న చేతిలోంచి ఫోన్ లాక్కుని, మీ సిస్టమే చెత్త, ఇక్కడ అన్నీ సరిగ్గా దిగాయి అని ఇంగ్లిష్‌లో అరిచేశాను. ఫ్లోర్ మొత్తం మావైపు తిరిగింది. ఆవిడ అంతా విని, మీటింగ్ మొదలయ్యేదాకా సీట్లోనే ఉంటాను, మళ్లీ పంపండి అంది.

"ఇటు చూడు తల్లీ," అన్నాడు అన్న మెల్లగా.

ఫైళ్లన్నీ ఒకే సైజు. అదీ చిటికెడు. ఒకదాన్ని తెరిస్తే మా ఆఫీస్ ప్రాక్సీ లాగిన్ పేజీ కనిపించింది.

ఆఫీస్ నుంచి నెట్‌లోకి ఏది వెళ్లాలన్నా, అక్కణ్నుంచి ఏది రావాలన్నా ప్రాక్సీ అనే సర్వర్ గుండానే. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాగా ముందు ఎవరు నువ్వు అని అడుగుతుంది. బ్రౌజర్‌లో అన్న ఎప్పుడో లాగిన్ అయి ఉన్నాడు. స్క్రిప్ట్‌లో ఆ లాగిన్ పెట్టడం మర్చిపోయాడు. ఎవరు నువ్వు అని ప్రాక్సీ వేసిన ప్రశ్ననే స్క్రిప్ట్ స్కాన్ అనుకుని, వదిన పేరు మీద వందలసార్లు సేవ్ చేసింది.

"ఏందన్నా ఇది! కొత్తగా వచ్చినోళ్లకి నువ్వే కదా చెప్తవ్, దిగిన ఫైల్ ఒకసారి తెరిచి చూడమని!"

"చెప్తాను," అన్నాడు. అంతే. అప్పటికే స్క్రిప్ట్ మళ్లీ తెరిచాడు. నా కుర్చీ ఆయన పక్కకి జరుపుకున్నాను.

లాగిన్ పెట్టి మళ్లీ నడిపాం. ఈసారి ప్రాక్సీ ఒక్కో ఫైల్‌నీ పట్టుకుని, వైరస్ ఏమైనా ఉందేమోనని వెతికి గానీ వదలడం లేదు. ఆ నడకన సాయంత్రానికీ తెమలదు. నా సొంత లాప్‌టాప్ కార్‌లో ఉంది, ఫోన్ నెట్ పెడితే దానికి ప్రాక్సీతో పనిలేదు. ఇద్దరం పార్కింగ్ లాట్‌కి పరిగెత్తాం. సిగ్నల్ బాగా వచ్చే చివరి మూలకి కార్ తీసుకెళ్లి, నా ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి డ్యాష్‌బోర్డ్ మీద పెట్టాను.

"ఎవరు ఫోన్ చేసినా ఎత్తకు, నెట్ తెగిపోతుంది," అన్నాడు అన్న.

ఫోన్ ఊరికే వెలుగుతూనే ఉంది. అమ్మ, రూమ్‌మేట్, మేనేజర్. నిద్రలో కూడా ఫోన్ వదలని దాన్ని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఫైళ్లు దిగుతుంటే అన్న ఒక్కోటీ తెరవడం మొదలుపెట్టాడు. నల్లటి తెర మీద బూడిదరంగు గుండ్రం. ముక్కు నీడ, కళ్ల గుంతలు.

"తనే," అన్నాడు.

తర్వాతి బొమ్మల్లో ఒక మూల తెల్లటి మచ్చ కనిపించింది. ఒక్కో ఫైల్‌కీ కొంచెం పెరుగుతోంది.

"అన్నీ చూడకు అన్నా. నాలుగైదు తెరుచుకుంటే చాలు."

"లేదు. ఈసారి చూస్తాను."

చివరిదాకా చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత అప్‌లోడ్ చేశాం. కోఆర్డినేటర్ ఫోన్ చేసి, అన్నీ తెరుచుకున్నాయి, మీటింగ్‌కి తీసుకెళ్తున్నాను అంది. సారీ చెప్పాను. ఇలాంటి రోజుల్లో అందరూ అరుస్తారు అందావిడ.

డాక్టర్లు ఆ సాయంత్రమే చెప్పారు. మచ్చ ఉన్న చోట కత్తి పెట్టలేం, మందులతోనే నడపాలి అని.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వదిన సోఫాలో దుప్పటి కప్పుకుని ఉంది.

"నా బుర్ర లోపలంతా చూశారంటగా. ఏమైనా ఉందా, ఖాళీయేనా?"

"ఫస్ట్‌సారి మీ బుర్ర పోలేదు వదినా. మా ఆఫీస్ లాగిన్ పేజీ పోయింది."

వదిన కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. "అయ్యో, దాన్నే ఉంచేయాల్సింది. అది చూసుంటే ఆపరేషన్ చేస్తామనేవాళ్లేమో!"

వంటింట్లో అన్న కప్పులు కడుగుతున్నాడు. నీళ్ల చప్పుడు ఆగింది. ఆయన ఇవతలికి రాలేదు. కాసేపటికి మళ్లీ కుళాయి తిప్పిన చప్పుడైంది.

ఒళ్లో నా ఫోన్ వెలిగింది. తిప్పి బోర్లా పెట్టి, వదిన పక్కన కూర్చున్నాను.