చెమట పట్టే వెండి

కరోనాకు ముందు ఏడాది సంగతి. జంషెడ్‌పూర్ సాక్చీ బజారులో నాకు వెండి కరిగించే కొట్టు ఉంది. అప్పటికి ఇరవై రెండేళ్ల అనుభవం, దానికి తగ్గ పొగరు. టాటానగర్ రైల్వే క్వార్టర్స్ నుంచి అప్పలనరసమ్మ అనే ముసలావిడ వచ్చింది. మా పెద్దవాళ్లలాగే వాళ్లదీ శ్రీకాకుళం వైపే. చేతిలో తెగిన పట్టీలు, సబ్బుబిళ్లంత నల్లటి ముక్క.

"ఇది నలభయ్యేళ్ల కితం మా అయ్య వలలో పడ్డాది బాబూ. తెల్లదొరల ఓడేదో మునిగిపోనాదట. మనవరాలి కంటి ఆపరేషను బాగయితే అమ్మోరికి వెండి కళ్లు సేయిత్తానని మొక్కుకున్నాను."

అంచు గీకితే తెల్లగా మెరిసింది. ఒక పక్క సగం అరిగిన ఇంగ్లీషు ముద్ర. ఓడ వెండి గురించి వినడమే గాని ఎన్నడూ చూడలేదు. కరిగించకు, తెలిసినవాళ్లకు చూపించు అన్నాను. వినలేదు. మొక్కు మొక్కే.

"ఒక్క మాట బాబూ. వోనొచ్చే ముందు దీనికి సెమట పడతాది."

"వెండికి చెమటేటి మామ్మా! విసినికర్ర తెమ్మంటావేటి?" అని నవ్వాను.

కరిగిన లోహంలో ఏది వేసినా ముందు ప్రీహీట్ చేయాలి, అంటే కొలిమి అంచున వేడిచేసి తడి పోగొట్టాలి. జంషెడ్‌పూర్ లాంటి ఉక్కు ఊళ్లో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. కానీ నలభై ఏళ్లు ఇంట్లో ఉన్న ముక్కలో తడేమిటనుకున్నాను. పట్టీలు క్రూసిబుల్‌లో, అదే మూసలో, కరిగాయి. చూస్తానంటే ఆవిడను దగ్గరికి రానిచ్చాను. పటకారుతో ముక్కను అందులోకి వదిలాను.

ఢామ్మని పేలింది. కరిగిన వెండి కప్పుదాకా ఎగిరింది. ఆవిడ ముఖం పట్టుకుని కూలబడింది. పక్క కొట్టువాళ్లు "క్యా హువా, క్యా హువా" అంటూ పరుగెత్తుకొచ్చారు. అయ్యో, ముసలిదాని కన్ను తీసేశానా అనుకున్నాను.

సముద్రంలో ఏళ్ల తరబడి ఉన్న వెండికి లోపల సన్నటి బీటలు పడతాయి, వాటిలో ఉప్పు చేరుతుంది. ఆ ఉప్పు గాలిలోని తడిని పీలుస్తుంది. కరిగిన లోహంలో పడగానే ఆ తడి ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. ఇదంతా నాకు తరువాత ల్యాబ్‌లో పనిచేసే ఒక మిత్రుడు చెప్పాడు. ఆవిడకు ఎప్పుడో తెలుసు.

రెండు వేళ్లు పైన పడి ఉంటే కన్ను పోయేదని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. చెంపకు కట్టు కట్టారు. నేను తలెత్తలేక మంచం పక్కన నిలబడ్డాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.

"నీకేటీ అవనేదు గదా బాబూ?"

తిట్టి ఉంటే ఆ రోజే మరిచిపోయేవాణ్ణేమో. ఇప్పుడు ఎవరు ఏం తెచ్చినా కూర్చోబెట్టి, ఇది మీ ఇంట్లో ఎలా ఉండేదని అడుగుతాను. వాళ్లు చెప్పడం అయ్యాకే కొలిమి వెలిగిస్తాను.