మళ్ళీ చేసుకుంటావులే

పొద్దున ఏడూ నలభై బస్సును ఆమె కావాలనే వదిలేసేది. అందులో కాలు పెట్టడానికే చోటుండదు. పైనున్న కమ్మీ పట్టుకుని వేలాడుతుంటే అల్లడానికి చేతులెక్కడివి? పన్నెండు నిమిషాల తర్వాత ఇంకో బస్సు వస్తుంది, దాంట్లో సీటు దొరుకుతుంది. ఆ పన్నెండు నిమిషాలూ స్టాపులో బెంచీ మీద, ఆపైన వంతెన దాటి గుంతల రోడ్డు మొదలయ్యేదాకా ఎనిమిది నిమిషాలు సీట్లో. మొత్తం ఇరవై. మొదటి బస్సులో వెళ్ళినవాళ్ళు పని మొదలయ్యే ముందు తీరిగ్గా టీ తాగేవాళ్ళు. ఆమె ఆ టీ మానేసింది.

కండక్టరు ఆమెకి ‘ఉన్ని మేడమ్’ అని పేరు పెట్టాడు.

“ఉన్ని మేడమ్, ముందు సిగ్నలుంది. బ్రేకు పడుతుంది, సూది దించండి. ఎవరి కంట్లోనో పొడిస్తే కేసు నా మీద రాస్తారు.”

“దీనికి మొన ఉండదయ్యా, కొక్కెం ఉంటుంది. చూడు.”

“అయితే ఎవరి జేబో తగులుకుంటుంది. అదీ నా మీదకే వస్తుంది.”

పొద్దున్నుంచి రాత్రి దాకా ఆమెతో సరదాగా మాట్లాడే మనిషి అతనొక్కడే.

ఆమెది నీళ్ళ పరీక్షల లాబ్‌లో ఉద్యోగం. ఊరి నాలుగు వైపుల నుంచి సీసాల్లో నీళ్ళొస్తాయి. వాటిలోకి చుక్క చుక్కగా మందు వదులుతూ, రంగు మారిన ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆపాలి. ఒక చుక్క ఎక్కువైతే అంతా పారబోసి మళ్ళీ మొదలు. ఏడేళ్ళుగా ఆ పని చేస్తున్నదాన్ని ఓపిక లేని మనిషి అనడం కష్టం. ఇంట్లో ఆ మాటా అన్నారు, కానీ అది తర్వాత.

ఆమెకి మూడేళ్ళ కూతురు. మరీ బక్కగా ఉంటుందని అందరూ పిచిక అంటారు. చలి మొదలైతే చాలు, పిచిక ఛాతీలో పిల్లికూతలు. పిల్ల పడుకున్నాక దాని పొట్ట మీద చెయ్యి వేసి, గోడ గడియారం చూస్తూ, నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తోందో లెక్కపెట్టడం ఆమెకి అలవాటైపోయింది. నలభై దాటితే తెల్లవార్లూ కూర్చునేది. ఛాతీ, మెడ వెచ్చగా ఉంచమన్నాడు డాక్టరు. ఉంచుదామని దుకాణంలో స్వెట్టరు కొంటే మెడ చుట్టూ ఎర్రగా దద్దుర్లు తేలాయి. ఇంకోటి కొన్నారు, అదే తంతు. అలా నాలుగు. చివరికి ఆమె మూడు రకాల ఉన్ని ముక్కలు తెచ్చి, ఒక్కోటి రెండేసి రోజులు పిల్ల మణికట్టుకి గాజులా కట్టి, చర్మం చూసుకుంది. మొదటి రెండూ ఎరుపు తెప్పించాయి. మూడోది, అన్నిటికంటే మెత్తటి ఉన్ని, ఏమీ చెయ్యలేదు. దాంతో మెడ దాకా మూసుకునే స్వెట్టరు అల్లాలనుకుంది. ఎండలు ముదురుతున్నప్పుడు మొదలుపెట్టింది, చలి వేళకి పూర్తి కావాలి.

ఇంట్లో ఎందుకు అల్లదు? ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో ఆమెకి తెలుసు కనక. పెళ్ళైన కొత్తలో ఆమెకో కుట్టు మిషను ఉండేది. దాని ముందు కూర్చుంటే చాలు, ఇల్లంతా వరస కట్టేది. “ఎలాగూ మిషను దగ్గరే ఉన్నావుగా” అంటూ ఒకరు ప్యాంటు అంచు, ఒకరు దిండు గలీబు, ఒకరు చిరిగిన లంగా. తన కోసం కత్తిరించి పెట్టుకున్న జాకెట్టు గుడ్డ రెండేళ్ళు అలాగే మడతలో ఉండి, ఆ మడత దగ్గరే చిరిగింది. అప్పుడు మిషను మీద దుప్పటి కప్పి అల్లిక పట్టింది. అల్లేవాళ్ళ దగ్గరికి ఎవరూ ప్యాంటు పట్టుకుని రారు కదా అని.

వాళ్ళమ్మదీ అదే కథ. అమ్మ చేతి దిండు గలీబు ఒకటి ఇప్పటికీ ఆమె పెట్టె అడుగున ఉంది. దాని మీద రెండు చిలకలు. ఒకటి పూర్తయింది. రెండోదానికి తోకా రెక్కలూ ఉన్నాయి, తల లేదు. తల ఉండాల్సిన చోట పెన్సిలు గీత మాత్రం ఉంది. అమ్మకి ఇరవై ఆరేళ్ళు పట్టింది, ఆ తల కుట్టకుండా ఉండడానికి.

ఎనిమిది నెలలు గడిచాయి. గురువారం నాడు, వంతెనకి ఇవతలే, చివరి వరస అయిపోయింది. ఇక ఐదు బొత్తాలే. కుదుపులో బొత్తాలు కుట్టలేం, ఎల్లుండి రెండో శనివారం, సెలవే కదా అనుకుని, ఆమె స్వెట్టరూ బొత్తాలూ ఉన్న సంచిని పడకగది తలుపు వెనక తగిలించి, శుక్రవారం ఉత్త చేతులతో లాబ్‌కి వెళ్ళింది. సాయంత్రం వచ్చేసరికి సంచి అక్కడే ఉంది. చెయ్యి పెడితే బొత్తాలు గలగలమన్నాయి. ఇంకేమీ లేదు.

“అత్తయ్యా, ఈ సంచిలో స్వెట్టరేది?”

అత్తగారు టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. “అదా? మధ్యాహ్నం అమ్మాయి వచ్చింది. పిల్లాడి ఒంటి మీద పల్చటి చొక్కా, బయట చూస్తే ఈదురుగాలి. పిన్నీసులు పెట్టి తొడిగి పంపాను. ఎంత ముచ్చటగా ఉన్నాడనుకున్నావు.”

“అది పిచికకి అల్లింది.”

“తెలుసు. కొన్నదా ఏమన్నా, ఇంట్లో చేసిందేగా. మళ్ళీ చేసుకుంటావులే. బస్సులో ఎలాగూ ఖాళీయే కదా నీకు.”

భర్త ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. ట్యూబులైటు కింద తన వాలుకుర్చీలో కాళ్ళు చాపుకుని ఫోను చూస్తున్నాడు. అతను మధ్యలో కల్పించుకుని ధర్మపన్నాలు చెప్పాడు.

“పోనీలే. రేపు బజారుకెళ్ళి ఇంతకంటే మంచిది కొనిస్తాను.”

“కొంటే దద్దుర్లు. నాలుగు కొన్నాం. మర్చిపోయారా?”

“లోపల నూలు బనీను వేసి తొడిగితే సరి.”

“మెడకి బనీను ఎలా వేస్తారో చెప్పండి.”

“ఒక్క స్వెట్టరుకి ఇంత రాద్ధాంతమా? నీకు ఓపిక బొత్తిగా లేకుండా పోతోంది.”

“ఎనిమిది నెలలండీ అది.”

“ఎనిమిది నెలలా?” అతను మొదటిసారి ఫోను దించాడు. “నువ్వు అల్లుతుండగా నేను చూడనేలేదే.”

నిజమే, చూడలేదు. ఎవరి కంటా పడకుండా, ఎవరి కంచమూ ఆలస్యం కాకుండా, ఎవరి చొక్కా ఇస్త్రీ మానకుండా చేసింది కదా. ఇంతకాలం అది తన తెలివి అనుకుంది. ఇప్పుడు అదే మాట పుండు మీద కారంలా తగిలింది.

“అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని విన్నాను,” అంది ఆమె. గొంతు పెంచలేదు, కానీ పళ్ళ మధ్య నుంచి వచ్చింది. “కోడలి సొమ్ము అత్త దానం చెయ్యడం ఇప్పుడు చూస్తున్నాను.”

“వింటున్నావురా? నా మనవడికి ఓ ముక్క గుడ్డ తొడిగితే దానమట. వాడేం దారినపోయేవాడా?”

“రేపు పొద్దున వెళ్ళి తెచ్చుకుంటాను.”

“ఇచ్చింది వెనక్కి అడుగుతావా? నలుగురూ వింటే నవ్వుతారు.”

“నేనివ్వలేదుగా అత్తయ్యా. నవ్వితే మిమ్మల్ని చూసి నవ్వుతారు.”

ఆ రాత్రి పిచికకి నిమిషానికి ముప్ఫై ఎనిమిది.

ఆడపడుచు ఇల్లు రెండు వీధుల అవతల, మూడో అంతస్తు. శనివారం పొద్దున్నే తలుపు తీసి ఆమెని చూడగానే ఆడపడుచు ముఖం పాలిపోయింది. ఆమె లోపలికి వెళ్ళలేదు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

“స్వెట్టరు కోసం వచ్చానమ్మా. మీ అమ్మగారు పొరపాటున ఇచ్చారు.”

“వదినా... ముందు కూర్చో.”

“కూర్చోను. ఇచ్చెయ్, వెళ్ళిపోతాను.”

ఆడపడుచు వసారాలోకి వెళ్ళి, తీగ మీంచి ఏదో తీసుకొచ్చి, రెండు చేతులతో అందించింది. అది స్వెట్టరే. బొమ్మ స్వెట్టరు. చేతులు బొటనవేలంత. అట్టముక్కలా బిగుసుకుపోయి, వరసలన్నీ కలిసిపోయి, ఏ కుట్టు ఎక్కడుందో తెలియకుండా ఉంది.

“వాడు పాలు ఒలకబోసుకున్నాడు వదినా. ప్యాంట్లతో పాటు మిషన్లో పడేశాను, వేడినీళ్ళ మీద పెట్టి. తీసేసరికి ఇలా అయింది. నాకు తెలీదు, ఒట్టు. ఇంట్లో చేసింది, మామూలు దారమే అనుకున్నాను.”

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఉన్ని పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, ఇక విడవవు. ఊడదీసి మళ్ళీ అల్లడానికి కూడా పోగు మిగలదు. తప్పు కుట్టు పడితే లాగేసి సరిచేసుకోవచ్చు, అల్లికలో ఉన్న సుఖమే అది. ఆ సుఖం కూడా లేకుండా చేసింది ఒక గంట ఉతుకు. ఆమె కొసని గోటితో గిల్లి చూసింది. రాలేదు.

“నాకూ నేర్పు వదినా,” అంది ఆడపడుచు, మాట మార్చాలని. “నేనే ఇంకోటి అల్లి ఇస్తాను పిచికకి. నీలా నాకూ ఖాళీ దొరికితే ఎంత బావుణ్ణో.”

అంతవరకూ పట్టి ఉంచుకున్నది అప్పుడు తెగింది.

“ఖాళీ ఎక్కడ దొరుకుతుందో నాకూ తెలీదమ్మా. ఎవరికైనా దొరికితే నాక్కూడా చెప్పండి. నేను బస్సు వదిలేసి చేశాను. టీ మానేసి చేశాను. దాన్ని మీ అమ్మ ఖాళీ అంటుంది, మీ అన్నయ్య అసలు చూడనే లేదంటాడు, నువ్వు ప్యాంట్లతో కలిపి ఉతుకుతావు.”

ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంకో రోజైతే ఆమె ఓదార్చేదే. ఆ రోజు ఆ బుల్లి స్వెట్టరు చేతిలో పట్టుకుని మెట్లు దిగింది. దిగి, ఇంటి వైపు కాకుండా, ఉన్ని కొట్టు వైపు నడిచింది.

సాయంత్రం ఐదున్నరకి భర్త కూరగాయల సంచితో ఇంటికి వచ్చాడు. వాలుకుర్చీ ఖాళీగా లేదు. ఆమె అందులో కూర్చుని ఉంది, ఒళ్ళో కొత్త ఉన్ని ఉండ. టీవీ ఆపేసి ఉంది. వంటగదిలో లైటు వెలగడం లేదు. క్యాలెండరు పక్కన మేకుకి బుల్లి స్వెట్టరు వేలాడుతోంది.

పిచిక దాన్ని ఎగిరెగిరి అందుకోబోతోంది. “అమ్మా, అది నా బొమ్మకి సరిపోతుంది. ఇవ్వవా?”

“ఇవ్వను. అది అక్కడే ఉండాలి.”

అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు. “ఆరవుతోంది. పొయ్యి వెలిగించలేదేం?”

“మళ్ళీ చేసుకుంటావులే అన్నారుగా అత్తయ్యా. చేస్తున్నాను.”

“ఇప్పుడా?”

“బస్సులో అయితే రోజుకి ఇరవై నిమిషాలు, ఎనిమిది నెలలు. మీకు లెక్క కావాలంటే, అరవై ఆరు గంటలు. చలి ఇంకా రెండు నెలలుంది. రోజుకి రెండు గంటలు కూర్చుంటే నెల మీద మూడు రోజుల్లో అవుతుంది. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా.”

“మరి వంటో?” అన్నాడు భర్త.

“మీ చేతిలోనే ఉన్నాయిగా కూరగాయలు.”

అతను సంచి వంక, కుర్చీ వంక చూశాడు. కుర్చీ అడుగుతాడనే అనుకుంది ఆమె. అడిగితే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకుంది. అతను మేకు మీది స్వెట్టరు దగ్గరికి వెళ్ళి, దాని చేతిలో తన వేలు పెట్టి చూశాడు. వేలు సగం దాకే వెళ్ళింది. సంచి పట్టుకుని వంటగదిలోకి పోయాడు. కాసేపటికి గిన్నెలు దడదడలాడాయి. ఆ చప్పుడు ఆమెకి వినిపించాలనే అని తెలుసు. వినిపించింది. అల్లుతూనే ఉంది.

మొదటి రోజు కూర మాడింది. మూడో రోజు అత్తగారు కూతురికి ఫోను చేసి, గోడలు కూడా వినేలా, “ఈ ఇంట్లో ఇప్పుడు మహారాణిగారి దర్బారమ్మా” అన్నారు. అవతల నుంచి ఏం జవాబు వచ్చిందో గానీ, మాట మధ్యలోనే ఫోను పెట్టేశారు. ఐదో రోజు భర్త, ఆఫీసులో పని ఎక్కువని ఏడున్నర దాటాక వచ్చాడు. ఆ రోజు వంట ఎనిమిదికి మొదలైంది, ఒక్క పిచికకి తప్ప. దానికి ముందే పెట్టేసింది. ఆరో రోజు అతను ఐదింటికే ఇంట్లో ఉన్నాడు. ఆమె కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ దాని మీదే కూర్చున్నట్టుండేది. అది తగ్గితే మళ్ళీ లేచి పొయ్యి దగ్గరికి పోతానేమోనని ఆమెకి లోపల భయం కూడా ఉండేది. అందుకే ఎదురుగా ఆ మేకు.

తొమ్మిదో రోజు అత్తగారు ఒక జాకెట్టు పట్టుకుని వచ్చారు.

“చేతిలో ఎలాగూ సూది ఉందిగా. ఈ హుక్కు ఊడింది, కాస్త...”

“ఇది అల్లే సూది అత్తయ్యా, దీంతో హుక్కులు కుట్టలేం. ఆ డబ్బాలో కుట్టు సూదీ దారమూ ఉన్నాయి.”

అత్తగారు డబ్బా తీసి, ఎదురుగా చాప మీద చతికిలబడ్డారు. దారం నాలుక మీద తడిపి, సూదిని లైటు వైపు ఎత్తి గుచ్చారు. తప్పింది. మళ్ళీ తప్పింది. నాలుగోసారి చెయ్యి చాచారు.

“కళ్ళు ఆనడం లేదు. ఇదన్నా ఎక్కించి పెడతావా, దానికీ లెక్కలు చెబుతావా?”

“ఎక్కిస్తాను. ఈ వరస అయ్యాక.”

“ఎంతుంది?”

“నూట నాలుగు కుట్లు. ముప్ఫైలో ఉన్నాను.”

అత్తగారు ఏదో గొణిగారు. వంటగదిలోంచి భర్త, ఉప్పు డబ్బా ఎక్కడుందని అరిచాడు. ఒక చేతిలో సూదీ, ఒక చేతిలో దారమూ పట్టుకుని, అత్తగారు ఆ వరస వంకే చూస్తూ కూర్చున్నారు. ఆమె తొందరపడలేదు. ముప్ఫై ఒకటి. ముప్ఫై రెండు.