బీరువాలోని ఐటీఐ సర్టిఫికెట్టు

గంగులయ్య సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. పుంగనూరుకు ఏడు కిలోమీటర్ల దూరంలో, వేరుశనగ చేల మధ్య ఉంటుంది ఆ సబ్‌స్టేషన్. గంటకొకసారి మీటర్లు చూసి లాగ్‌బుక్‌లో అంకెలు రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, రాయడానికేమీ లేకపోతే సున్నా అయినా వేయాలి. 1998 నుంచి ఆరేళ్ల లాగ్‌బుక్‌లు తిరగేస్తే మూడో వంతు అతని చేతిరాతే కనబడుతుంది. అయినా అతను కరెంటు ఆఫీసు మనిషి కాదు. మదనపల్లెలో ఉండే కాంట్రాక్టరు గోవిందరాజులు పెట్టిన మనిషి.

పనిలో చేరిన రోజు గోవిందరాజులు అతని టెన్త్, ఐటీఐ సర్టిఫికెట్లు అడిగి తీసుకుని బీరువాలో పెట్టాడు. "మీ ఇండ్లల్లో ఎలకలు కొడతాయప్పా, నా కాడ భద్రంగా ఉంటాయి" అన్నాడు. అప్పట్లో చాలామంది కాంట్రాక్టర్ల పద్ధతి ఇదే. కాగితాలు వాళ్ల బీరువాలో ఉన్నంతకాలం మనిషి ఇంకో చోటికి పోలేడు. జీతం పెంచమని గట్టిగా అడగనూ లేడు.

2004లో కుప్పంలోని ఒక కాలేజీ ఎలక్ట్రీషియన్ కావాలని పేపర్లో వేసింది. ఒకటే పోస్టు, పర్మనెంటు. గంగులయ్య ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టాడు. తన ఊరి అడ్రసు ఇవ్వలేదు. ఊళ్లో పోస్టుమాన్ ఉత్తరాలు వదిలిపెట్టే అంగడి గోవిందరాజులు చుట్టాలది. అందుకని శాంతిపురంలో అత్తగారింటి అడ్రసు రాశాడు.

ఇంటర్వ్యూ కార్డును అత్త ఈశ్వరమ్మ రవిక గుడ్డలో చుట్టి తనే తీసుకొచ్చింది. "ఎవురికీ సూపియ్యలేదు నాయనా. నాకు సదువు రాకపోయేది ఈ పొద్దు మంచిదైంది" అంది.

వచ్చే గురువారం, ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావాలని ఉంది కార్డులో.

మర్నాడే మదనపల్లె బస్సెక్కాడు. సొసైటీలో లోనుకు సర్టిఫికెట్లు చూపమన్నారని గోవిందరాజులుకు చెప్పాడు. గోవిందరాజులు కాఫీ తాగుతూ తల కూడా ఎత్తలేదు.

"సొసైటీ వాళ్లు పాస్‌బుక్ అడగతారు గానీ, టెన్త్ సర్టిఫికెట్టు యాల అడగతారప్పా? భూమి పాస్ అయిందా లేదా అని సూసేదానికా?"

రెండెకరాల మెట్ట ఉన్న రైతు కొడుకు చెప్పాల్సిన అబద్ధం కాదది.

"ఈ వారం బీరువా తాళం మా బామ్మర్ది కాడ ఉండాది. శుక్రవారం రా, ఇస్తా."

ఇంటర్వ్యూ గురువారమైతే శుక్రవారం రమ్మంటున్నాడు. ఇంటర్వ్యూ సంగతి ఎవరో చేరవేసి ఉండాలి. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ గంగులయ్య మనసులో ఒకే మొహం మెదిలింది, తిమ్మప్పది. అతనూ అదే సబ్‌స్టేషన్‌లో ఇంకో షిఫ్టు ఆపరేటరు. ఈ నెలలో రెండుసార్లు మదనపల్లె పోయాడు. ఎందుకని అడిగితే "పంటి నొప్పి" అన్నాడు గానీ, పల్లీలు మాత్రం కరకరా నములుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్ అందించడమే తప్ప అతనితో మాటల్లేవు.

గురువారం జిరాక్సులు మాత్రం కవర్లో పెట్టుకుని గంగులయ్య కుప్పం పోయాడు. కాలేజీ వరండా బెంచీ చివర తిమ్మప్ప కూర్చుని ఉన్నాడు. ఒడిలో అలాంటిదే కవరు.

"నా మీద కన్నేసేదానికి గోవిందరాజులు పంపినాడా?" అన్నాడు గంగులయ్య.

"ఆ మాట నేనడగాల. నిన్ను ఎవురు పంపిరి?"

"నీ పంటి నొప్పి తగ్గిందా?"

"నా సర్టిఫికెట్ల కోసరం పోయినానప్పా ఆడికి. శుక్రవారం రమ్మన్నాడు."

గంగులయ్య పక్కన కూలబడ్డాడు.

అసలు సంగతి కాలేజీ గుమాస్తా దగ్గర తెలిసింది. దరఖాస్తులో 'ప్రస్తుతం పనిచేస్తున్న చోటు' అని ఒక గడి ఉంది. గడి ఖాళీగా వదలడం ఆపరేటర్లకు చేతకాదు. ఇంటి అడ్రసు దాచిన గంగులయ్య ఆ గడిలో మాత్రం గోవిందరాజులు పేరు, వీధి, ఇంటి నంబరు గుండ్రటి అక్షరాలతో నింపాడు. తిమ్మప్పా అంతే. కాలేజీ వాళ్లు గోవిందరాజులుకు ఉత్తరం రాశారు. అతని జవాబు ఫైల్లో ఉంది. ఈ పేర్లవాళ్లు తన దగ్గర ఎన్నడూ పనిచేయలేదని సంతకం పెట్టి పంపాడు. ఒప్పుకుంటే పీఎఫ్ కట్టాలి, ఈఎస్ఐ కట్టాలి. కాబట్టి ఆరేళ్ల పనిని ఒక్క వాక్యంతో తుడిచేశాడు.

"సోమవారం లోపల ఒరిజినల్స్ తెచ్చుకోండి" అన్నాడు గుమాస్తా.

"సామీ, ఈ జవాబుకు జిరాక్సు ఇప్పిస్తారా?" అని అడిగాడు గంగులయ్య.

శుక్రవారం ఇద్దరూ కలిసి మదనపల్లె పోయారు. గంగులయ్య ఆ జిరాక్సు తీసి గోవిందరాజులు బల్ల మీద పెట్టాడు.

"మేము నీ కాడ పనిచేయలేదని నువ్వే రాసిచ్చినావన్నా. పనిచేయనోళ్ల సర్టిఫికెట్లు నీ బీరువాలో యాల ఉండాయి?"

గోవిందరాజులు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తాళం బామ్మర్ది దగ్గర లేదు, అతని జేబులోనే ఉంది. రెండు కవర్లూ తీసి బల్ల మీద పడేశాడు.

"రేపట్నుంచి డ్యూటీకి రావద్దండి."

"రావద్దంటే, ఇన్నాళ్లూ వచ్చినట్టే గదా?" అన్నాడు తిమ్మప్ప.

సోమవారం ఇద్దరూ కుప్పంలో ఒరిజినల్స్ చూపి, ఒకరి తర్వాత ఒకరు లోపలికి పోయి ఇంటర్వ్యూ ఇచ్చారు. ఉన్నది ఒకటే పోస్టు, అది గంగులయ్యకు వచ్చింది. బెంగళూరుకు పని వెతుక్కుంటూ వెళ్లేముందు తిమ్మప్ప బస్టాండులో అడిగాడు: "లోపల నా గురించి ఏమన్నా సెప్పినావా?"

"లేదప్పా."

తిమ్మప్ప నమ్మినట్టు కనబడలేదు. నమ్మమని ఎలా చెప్పాలో గంగులయ్యకూ తెలియలేదు. ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకునేలా చేసిన గోవిందరాజులు అప్పటికే వాళ్ల చోట్ల ఇంకో ఇద్దరిని పెట్టుకున్నాడు. వాళ్ల సర్టిఫికెట్లూ అడిగి తీసుకునే ఉంటాడు.

చేరిన రోజు కాలేజీ గుమాస్తా చెయ్యి చాచాడు. "ఒరిజినల్స్ ఆఫీసులో పెట్టాల. అందరివీ ఈడే ఉంటాయి."

గంగులయ్య కవరు ఇవ్వలేదు. బల్ల మీది తెల్లకాగితం, తన జేబులోని పెన్ను తీసి గుమాస్తా వైపు జరిపాడు.

"రసీదు రాయండి సామీ. ఏ రోజు తీసుకున్నారో, ఏ రోజు అడిగితే ఇస్తారో రెండూ రాయండి."

గుమాస్తా పెన్ను ముట్టుకోలేదు. గంగులయ్య కవరును చొక్కా లోపల పెట్టుకుని, మెయిన్ స్విచ్ బోర్డు ఎక్కడుందో అడిగాడు.