బేసి వచనాలు

మందుల దుకాణానికీ చెప్పుల దుకాణానికీ నడుమ, చేతులు బారచాపితే రెండు గోడలూ తగిలేటంత ఇరుకు గదిలో ఆయన ఫోన్లు బాగుచేస్తాడు. బల్లమీద ఎప్పుడూ నాలుగైదు ఫోన్లు వెన్ను విప్పుకొని పడి ఉంటాయి. వాటినుండి తీసిన స్క్రూలు ఆవగింజలో సగమైనా ఉండవు. అవి దొర్లిపోకుండా ఒక అయస్కాంతపు పలకమీద, గీసిన గళ్ళలో, ఏ ఫోనువి ఆ ఫోనుకు వేరుగా అమర్చుకుంటాడు. ఒక గడిలోనిది మరొక గడిలోనికి పోయి, పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడుగుది దిగితే లోపలి పలక చిట్లుతుందని ఆయనకు చేదు అనుభవమే నేర్పింది. ఏ ఫోను వచ్చినా ముందు కంటికి భూతద్దం తగిలించుకొని, రోగి నాడి పట్టిన వైద్యునివలె కొంతసేపు పలుకక ఉంటాడు. ఆ మౌనం భరించలేనివారు "బతుకుతుందా?" అని తామే ముందుగా అడుగుతారు.

కాపురం ఆ దుకాణానికి పైనే. ఉదయం ఏడు గంటలకు వంటగది బల్లవద్ద కూర్చొని, తొమ్మిదేళ్ళ కూతురితో కలిసి బైబిలు లేఖనం చదవటం ఆయన నియమం. రోజుకు పది, పన్నెండు వచనాలు. బేసి అంకె వచనాలు తండ్రివి, సరి అంకె వచనాలు కూతురివి. చిన్నది అక్షరాలు కూడబలుక్కొనే నాటినుండి ఈ పంపకం సాగుతున్నది. పొడుగు వచనం వచ్చినా, నోరు తిరగని పేర్ల వరుస వచ్చినా మార్పిడులు లేవు.

"నీకెప్పుడూ చిన్నవే వస్తాయి నాన్నా. ఇది మోసం."

"నేనేం చేశానే తల్లీ? అంకెలు వేసినవాళ్ళని అడుగు."

ఆయన భార్య ఒక ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకొనే ఉద్యోగిని. ఆ వేళకు ఆమె పొయ్యివైపు తిరిగి డబ్బాలు సర్దుతూ ఉంటుంది గాని, చెవులు మాత్రం బల్లమీదనే. తండ్రి ఒక మాట మింగితే వెనుదిరగకుండానే "ఏమండీ, ఒక ముక్క జారింది, మళ్ళీ చదవండి" అనేది. చిన్నది పకపక నవ్వేది. ఆ అరగంట ఆ ఇంటికి ఉప్పువంటిది. ఉన్నంతకాలం ఉన్నదని తోచదు.

ఒకనాడు దుకాణం తెరిచీ తెరవకముందే, సంఘంలో అందరూ టీచరమ్మ అని పిలిచే పెద్దావిడ వచ్చి ఫోను బల్లమీద పెట్టింది. ఆయన భూతద్దం అందుకోబోయాడు.

"అక్కర్లేదు బాబూ. దీనికి రోగమేం లేదు. రోగం నాది."

"ఏమైందండీ?"

"పొద్దున్నే కీర్తన చదువుకుందామని తెరుస్తానా, పైనుంచి ఏదో టింగుమంటుంది. అదేంటో చూద్దామని వేలు పెడతాను. తర్వాత చూసుకుంటే ఎవరింట్లోనో పిల్లి స్నానం చేస్తుంటుంది. నేను దాన్ని గంటనుంచి చూస్తుంటాను. పిల్లి శుభ్రపడింది గానీ నేను పడలేదు."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నవ్వుతావేం? బెత్తం పట్టకుండా ముప్పై ఏళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టినదాన్ని. ఇవాళ నా వేలే నా మాట వినటం లేదు. ఇందులో లేఖనమూ, ఫోన్ చేసుకోవడమూ తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా చెయ్యి. ఆ తాళం నంబరు మాత్రం నాకు చెప్పకు. చెప్పావంటే నేనే తీసేసుకుంటాను."

అది పెద్ద పని కాదు. ఒక రహస్యపు అంకె పెట్టి తక్కినవన్నీ మూసివేసి, ఆ అంకెను తన చిన్న పుస్తకంలో రాసుకొని, ఫోను తిరిగి ఇచ్చాడు. కూలి పుచ్చుకోలేదు. తరువాతి ఆదివారం ఆరాధనలో టీచరమ్మ లేచి నిలబడి, తన ఉదయాలు తనకు తిరిగి వచ్చాయని సాక్ష్యం చెప్పింది. ఎవరివల్ల వచ్చాయో కూడ చెప్పింది. ఆ మరునాటినుండి సంఘమంతా ఆయన దుకాణం ముందు నిలబడింది. "నాకూ వెయ్యండి బ్రదర్", "మా ఆయనకి తెలీకుండా ఆయనకీ వెయ్యండి" అంటూ యువకులు, గృహిణులు, కానుకల పళ్ళెం పట్టే పెద్దమనిషి, అందరూ వచ్చారు. పక్షం తిరగకముందే ఆయనకు తాళాల బ్రదర్ అన్న పేరు స్థిరపడింది.

తాళం వేయించుకొన్న ఉత్సాహం మూడోనాటికి చల్లారుతుందని మాత్రం ఎవరూ ఊహించలేదు. మొదట వచ్చినవాడు ఆయన బావమరిదే. భార్యకు అన్న, సంఘంలో పాటలు నడిపించేవాడు. ఏడు గంటల వేళ, ఇంకా తల అయినా దువ్వుకోకుండా మెట్లెక్కి వచ్చి తలుపు తట్టాడు.

"బావా, ఒక్కసారి తియ్యి. కొత్త పాట రాగం వినాలి. విన్నాక మళ్ళీ నువ్వే వేసెయ్యి."

"తొమ్మిదికి షాపుకి రాకూడదా?"

"అక్కడ నలుగురూ ఉంటారు బావా. ఆదివారం నేనే అందరికీ తాళాల గురించి చెప్పి, సోమవారం అక్కడ నిలబడి తియ్యమని అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆయనకు జాలి కలిగింది. చిన్నదానివైపు తిరిగి "రెండు నిమిషాలు తల్లీ, నువ్వు మొదలుపెట్టు" అని, దుకాణంలోని పుస్తకం కోసం మెట్లు దిగిపోయాడు. నాటి భాగం సువార్తలో రెండవ అధ్యాయం. ఆ రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి. ఆయన పైకి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉన్నది. చిన్నది బడికి వెళ్ళిపోయింది.

బావమరిదికి కలిగిన సిగ్గే తక్కినవారికీ కలిగింది. అందరూ ఆ సిగ్గును దాచుకొనటానికి ఎంచుకొన్నది కూడ అదే వేళ. వీధిలో జనసంచారం ఉండదు. దుకాణం తెరిచి ఉండదు. పైగా పొద్దున్నే లేఖనం తెరవగానే వేలు దురద పెట్టేదీ అప్పుడే. ఒకరికి మనుమడి ఫొటోలు చూడాలి. ఒకరికి చెల్లెలి పెళ్ళిచూపుల వార్త తెలియాలి. ఇంకొకరికి ఏ కారణమూ లేదు. "ఊరికే బ్రదర్, పది నిమిషాలు. ఊపిరాడటం లేదు." తలుపు మీద వేళ్ళ చప్పుడు వినబడటం, ఆయన లేవటం, "నువ్వు మొదలుపెట్టు తల్లీ" అనటం నిత్యకృత్యమైపోయింది. కొన్నాళ్ళకు ఆయనే ముందుగా దుకాణంలోకి దిగి, ఎవరు వస్తారోనని కాచుకొని కూర్చోనారంభించాడు.

అందులో దయ ఉన్నదనటంలో సందేహం లేదు. దయ మాటున ఇంకొక రుచి కూడ ఉన్నది. ఇంతమంది గుట్టు తన చిన్న పుస్తకంలో ఉన్నది. ఇంతమంది పొద్దున్నే తనను తలచుకొంటున్నారు. ఇరుకు గదిలో వంగి వంగి మెడ పట్టివేసిన మనిషికి ఆ తీపి చిన్నది కాదు.

"ఊరందరి గుండెలకీ తాళాలేస్తారు, మనింటి తలుపు మాత్రం బార్లా తెరిచి పెడతారు" అన్నది భార్య.

"దేవుని పనే కదా చేస్తున్నాను?"

"దేవుడు మిమ్మల్ని తాళాలు వెయ్యమన్నాడా, తియ్యమన్నాడా? ముందది తేల్చుకోండి."

ఆయన తేల్చుకొనలేదు.

నలభై రోజుల తరువాత ఒక ఉదయం కుండపోతగా వాన. ఎవరూ రాలేదు. ఆయన చాలా నాళ్ళకు వంటగది బల్లవద్ద కూర్చొని, "ఎక్కడున్నాం తల్లీ?" అని పుస్తకం దగ్గరకు లాక్కున్నాడు.

"ఎవరు? నేనా, నువ్వా?" అన్నది చిన్నది.

ఆ ప్రశ్న ఆయనకు బోధపడలేదు. పుట తిప్పి చూశాడు. వచనాల పక్కన పెన్సిలుతో పెట్టిన సన్నని చుక్కలు. రెండు పక్కన చుక్క, నాలుగు పక్కన చుక్క, ఆరు పక్కన చుక్క. ఒకటి, మూడు, అయిదు పక్కన ఏమీ లేదు. ఇంకొక పుట తిప్పాడు. అక్కడా అంతే. అధ్యాయాల కొలదిగా సరి అంకెలకు మాత్రమే చుక్కలు, ఒక్కటి కూడ తప్పకుండా.

"ఇదేంటమ్మా?"

"నువ్వే కదా మొదలుపెట్టమన్నావు? నావి చదివాను. నీవి నీకుంచాను."

"ఒకటి విడిచి ఒకటి చదివితే కథ ఎలా అర్థమైందే?"

"అర్థం కాలేదు" అన్నది చిన్నది తేలికగా. "ఇంటికప్పు విప్పి మంచం కిందికి దించారు. ఎవరు మోసుకొచ్చారో తెలీదు. తర్వాత ఆ పడుకున్న మనిషి లేచి, పరుపెత్తుకొని వెళ్ళిపోయాడు. ఎవరు లెమ్మన్నారో తెలీదు. అదంతా నీ దాంట్లో ఉంది."

"పక్కనే ఉంది కదా, నువ్వే చదివేసుకోవచ్చుగా?"

"నీవి నేనెందుకు చదువుతాను?"

పొయ్యివద్ద చప్పుడు ఆగిపోయింది. చిన్నది పెన్సిలు ములుకు వంక చూస్తూ అన్నది:

"నాన్నా, నిన్న అమ్మని అడిగాను. నువ్వు సరేనంటే బేసివి అమ్మ తీసుకుంటానంది. ఇచ్చేస్తావా?"

కోపమో, అలకో ఉంటే ఆయన బుజ్జగించి ఉండేవాడు. ఆ గొంతులో రెండూ లేవు. బడిలో పక్కపిల్ల వాడని రబ్బరు అడిగినట్లు అడిగింది. ఆయన భార్యవైపు చూశాడు. ఆమె వెనుదిరగలేదు.

"రేపు చెప్తానమ్మా" అన్నాడు.

ఆ పగలు ఆయన ఛార్జింగు పిన్ను మార్చిన ఒక ఫోను మూయబోతూ, పక్క గడిలోని పొడుగు స్క్రూ తీసి బిగించబోయి ఉలిక్కిపడి ఆపాడు. ఇంతకాలం ఎన్నడూ జరగని పొరపాటు. పట్టకారు కింద పెట్టి, సంఘపు వాట్సాప్ గుంపులో తన చేతితో ఒక మాట పెట్టాడు: ఇకమీదట తాళం వెయ్యాలన్నా తియ్యాలన్నా తొమ్మిది దాటాక దుకాణంలోనే, ఇంటికి ఎవరూ రావద్దు. సమాధానాలు జలజల కురిశాయి. "అందరి ముందా బ్రదర్?" "మీరూ ఇలా అంటే ఎలా?" ఒకరు కన్నీరు కార్చే బొమ్మలు వరుసగా పంపారు. ఆయన వాటిలో సగమైనా చూడలేదు. ఆ సాయంత్రం ఇద్దరు వచ్చి, తాళం పూర్తిగా తీయించుకొని వెళ్ళిపోయారు. ఆయన నొచ్చుకున్నాడు, కాని మాట మార్చుకోలేదు.

మరునాడు ఏడుకు ముందే ఆయన బల్లవద్ద ఉన్నాడు.

"బేసివి ఇవ్వనమ్మా. నేనే చదువుతాను. వదిలేసిన దగ్గర్నుంచి."

చిన్నది కొంచెం ఆలోచించింది. "సరే. కానీ నావి నేను మళ్ళీ చదవను. నావి అయిపోయాయి."

"అలాగే."

ఆయన మొదటి వచనం చదివాడు. ఆగాడు. రెండవది చుక్కమీద మౌనంగా గడిచిపోయింది. మూడవది చదివాడు. నలుగురు మనుషులు మోసుకొని వచ్చారని అందులో ఉన్నది. చిన్నది "ఓహో, నలుగురా!" అన్నది. ఆయన చదువుతున్నంతసేపు చిన్నది తల వంచి వింటూ, తనవి వచ్చినప్పుడు శబ్దం లేకుండా పెదవులు కదుపుతూ ఉన్నది. ఆయన కంటికి అది కనబడింది గాని, కనబడనట్లే ఉన్నాడు.

తొమ్మిదవ వచనంవద్ద తలుపు చప్పుడైంది.

"బావా, నేనే! గుంపులో పెట్టింది చూశాలే. అది బయటివాళ్ళకి కదా?"

ఆయన మోకాళ్ళు అలవాటుకొద్దీ లేవబోయాయి. చిన్నది పెన్సిలు అడ్డంగా పుట మధ్య పెట్టి ఎదురుచూసింది. ఆయన తిరిగి కుర్చీకి ఆనుకున్నాడు. భార్య చేతులు తుడుచుకొంటూ వెళ్ళి, తలుపు జానెడు తెరిచింది.

"అన్నయ్యా, ఆయన చదువుకుంటున్నారు."

"ఎంతసేపు? అర్జెంటే!"

"తొమ్మిదింటికి షాపు. నలుగురూ ఉంటే ఉండనీ, నువ్వు దొంగతనం చెయ్యలేదుగా? లేదా లోపలికొచ్చి కూర్చో. చదవడానికైతే నీకిక్కడ వచనాలు లేవు. వినాలి."

గుమ్మం అవతల చెప్పులు విడిచిన చప్పుడు. పాటల పెద్ద లోపలికి వచ్చి, బియ్యం డబ్బామీద కూర్చొని, మూసివున్న ఫోనును రెండు చేతుల మధ్య పట్టుకొన్నాడు.

ఆయన పదకొండవ వచనం చదివాడు. కదలలేని మనిషితో, లేచి పరుపెత్తుకొని ఇంటికి పొమ్మని చెప్పిన మాట అది. ఈసారి ఒక్క ముక్క కూడ జారలేదు. పక్కనున్న పన్నెండుకు చుక్క ఉన్నది గనుక, దానికై ఆగవలసినంతసేపు ఆగి, పుస్తకం మూయటానికి చేయి చాపాడు.

"ఉండు" అన్నది చిన్నది. పుస్తకం తనవైపు తిప్పుకొని, నలభై రోజుల కిందట ఒంటరిగా చదివిన ఆ వచనాన్ని, ఎవరు లెమ్మన్నారో తెలిసిన గొంతుతో, మళ్ళీ బిగ్గరగా చదివింది.

"పదమూడు నీది, రేపు" అని పుస్తకం మూసింది.