బావమరిది తరలించిన ఫైళ్ళు

ఆమెను వర్క్‌షాపులో అందరూ చాటుగా చిటపట అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. వాళ్ళ బుర్రలకు ఇంతకన్నా మంచి పేరు తట్టదని కూడా తెలుసు కనుక పట్టించుకునేది కాదు.

ఆ వర్క్‌షాపు టైర్ల దుకాణం పైన రెండో అంతస్తులో ఉంది. కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు కృత్రిమ కాళ్ళు చేసిచ్చే చోటు. మెట్లెక్కి రావలసిన చోట పెట్టారు. లిఫ్టు లేకపోలేదు. అందులో మనుషుల కన్నా టైర్లే ఎక్కువ తిరుగుతాయి. ఊతకర్రలతో వచ్చినవాళ్ళు టైర్లు దిగేదాకా కింద నిలబడాలి. ఇంత గొప్ప ఆలోచన చేసిన యజమాని అంటే ఆమెకు మొదటి రోజు నుంచీ చిన్నచూపే. అయినా ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది. పని మటుకు ఆమెకు ప్రాణం.

చదివింది కంప్యూటర్లు. అంతకు ముందు పెద్ద పెద్ద ఆఫీసుల్లో చేసింది కానీ, అక్కడ తాను రాసినది ఎవరి ఒంటికీ తగిలేది కాదు. ఇక్కడ తగులుతుంది. మోకాలి కింద మిగిలిన భాగాన్ని స్కానర్‌తో చూసి, దాని వంపులూ, ఎముక పొడుచుకొచ్చే చోట్లూ, తాకితే నొప్పెట్టే చోట్లూ ఒక్క ఫైల్లో దాచే ప్రోగ్రాము ఆమె రాసిందే. మంచం విప్పి, కోళ్ళూ పట్టీలూ బోల్టులూ వరస తప్పకుండా కట్టగట్టి, ఇంకో ఇంట్లో మళ్ళీ బిగించుకున్నట్టు ఉంటుంది ఆ పద్ధతి. కట్టలో ఒక్క బోల్టు పోయినా మంచం లేవదు. ఫైలు సరిగ్గా విచ్చుకుంటేనే పక్క గదిలోని మెషీను ఆ మనిషికి సరిపడే తొడుగు చెక్కుతుంది.

యజమానికి ఒక బావమరిది ఉన్నాడు. చేసిన వ్యాపారాలన్నీ మునిగాక అక్క మాట మీద ఇక్కడికి సలహాదారుగా వచ్చి చేరాడు. ఎవరూ అడగకుండానే సలహా ఇచ్చేవాడు కనుక ఆ పదవి అతనికి బాగానే అమరింది. ఏదో సదస్సుకు వెళ్ళొచ్చి, మెడలో వాళ్ళు వేసిన పేరు బిళ్ళ తీయకుండానే, "బావా, మనం ఇంకా విండోస్ మీదే ఉన్నామా? అందరూ లినక్స్‌కి వెళ్ళిపోయారు," అన్నాడు. లినక్స్ ఏదో పక్క వీధిలో ఉన్నట్టు చెప్పాడు. యజమాని తలూపాడు. ఆయనకు తల ఉన్నది అందుకే అని చిటపట నమ్మకం.

అత్తగారి కంటి ఆపరేషన్‌కని ఆమె సెలవు పెట్టిన వారంలో బావమరిది కొత్త కంప్యూటర్లు దించాడు. ఫైళ్ళన్నీ తన స్వహస్తాలతో తరలించాడు. ఆమె తిరిగొచ్చేసరికి గదిలో కొత్త అట్టపెట్టెల వాసన, తెర మీద ఎర్ర అక్షరాలు. ముందు నొక్కిన నాలుగైదు ఫైళ్ళూ తెరుచుకోలేదు.

"మేడమ్, మీ ప్రోగ్రాములోనే ఏదో లోపముంది," అన్నాడు బావమరిది, ఆమె కూర్చోకముందే. "పాతది కదా, కొత్త సిస్టమ్ దాన్ని ఒప్పుకోవట్లేదు."

"మీకు చెప్పిందా?"

"వైరస్ కూడా అయ్యుండొచ్చు. నేను ఒక ఫైల్ని నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరిచి చూశాను. కొరియన్‌లా ఉంది. సేవ్ చేసి మూసేశాను."

చిటపట కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అతని మొహం కాసేపు మసకగా కనిపించడం ఆమెకు హాయిగా అనిపించింది.

అప్పటికే ఒకావిడ బల్ల పక్కన కూర్చుని ఉంది. బస్సు కండక్టరు. ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కింద పోయింది. కొత్త కాలు ఆ వారమే రావాలి. బావమరిది ఆవిడ ఒక్కదానికే కాదు, అందరికీ ఫోన్లు చేసి మరీ, మళ్ళీ వచ్చి కొలతలు ఇవ్వమని చెప్పేశాడు.

"కిందటిసారి కొలిచినప్పుడు పుండు మానలేదు. పళ్ళ బిగువున కూర్చున్నాను," అంది కండక్టరు. "ఇప్పుడు మళ్ళీ కూర్చోమంటున్నాడీ బాబు. బస్సులో టికెట్ పోగొట్టుకున్నవాడు కూడా ఇంత ధీమాగా మాట్లాడడమ్మా."

ఆ మాటతో చిటపటకు ఆవిడ మీద గౌరవం కలిగింది. ఆమెకు అలా కలగడం అరుదు.

"మీరు మళ్ళీ కూర్చోనక్కర్లేదు. నేను చూస్తాను," అంది.

చూసింది. బాగా చిన్న ఫైళ్ళు కొన్ని తెరుచుకుంటున్నాయి. పెద్దవి ఒక్కటీ తెరుచుకోవడం లేదు. తన ప్రోగ్రాము ఒప్పుకోకపోతే చిన్నవాటిని మాత్రం ఎందుకు ఒప్పుకుంటుంది? పెద్ద ఫైలు ఒకటి తీసి దాని కడుపులోని అంకెలు వరసగా చూసుకుంటూ పోయింది. విండోస్‌లో ఒక పంక్తి ముగిసిందని చెప్పడానికి రెండు గుర్తులు పక్కపక్కన పెడతారు. లినక్స్‌లో ఒక్కటే చాలు. ఆ గుర్తులు కూడా కంప్యూటరుకు అంకెలే. కొలతల ఫైల్లో పంక్తులుండవు కానీ, అన్ని లక్షల అంకెల మధ్య ఆ జంట యాదృచ్ఛికంగా ఎక్కడో ఒకచోట పడక తప్పదు. ఇక్కడ ఎంత వెతికినా ఒక్క జంటా లేదు. ఎవరో ఏరేశారు.

"కాపీ చేసేటప్పుడు ఇవి మామూలు రాతలని చెప్పారా దానికి? 'టెక్స్ట్' అని ఒక గడి ఉంటుంది."

"కనిపించిన గడులన్నిటికీ టిక్కు పెట్టాను, మేడమ్. ఏదీ మిస్సవకూడదని," అన్నాడతను గర్వంగా.

అదీ సంగతి. వీటిని వ్యాసాలనుకుని ఆ యంత్రం జంట కనిపించిన చోటల్లా ఒక గుర్తు పీకేసింది. ఆ జంట పడని చిన్న ఫైళ్ళు మాత్రం బతికాయి. మిగతా మంచం కట్టల్లోంచి బోల్టులు పోయాయి. ఏ చోటి నుంచి పోయాయో ఇప్పుడు దేవుడు కూడా చెప్పలేడు. మిగిలిన దారి ఒక్కటే, పాత కంప్యూటర్ల నుంచి మళ్ళీ తేవడం.

"పాతవి ఎక్కడ?"

"బడికి దానమిచ్చేశాను. ఫొటో కూడా దిగాం."

ఆమె భర్త కారు డ్రైవింగు నేర్పుతాడు. పక్క సీటు కింద కూడా బ్రేకు ఉన్న ఆ కారులోనే ఆమెను బడికి తీసుకెళ్ళాడు. దారంతా ఆమె బావమరిదిని ఉతికి ఆరేసింది.

"నీకు లోకంలో అందరూ వెధవల్లాగే కనిపిస్తారేం?" అన్నాడాయన.

"అందరూ కాదు. ఇవాళ ఒక కండక్టర్ని చూశాను."

"మరి నేను?"

"మీరు రోడ్డు చూడండి."

బడిలో కంప్యూటర్లు ప్రధానోపాధ్యాయిని గదిలో, దుప్పటి కింద భద్రంగా ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు, ఆ గదిలో ప్లగ్గు పనిచేయదు. దానమిచ్చేవాడికి అది కనుక్కోవాలని తట్టలేదు. చిటపట జీవితంలో మొదటిసారి అతని తెలివితక్కువతనానికి మనసులో దండం పెట్టుకుంది. వరండా నుంచి వైరు లాగి, అంకెకు అంకె మారకుండా ఫైళ్ళన్నీ కాపీ చేసుకుంది. కాపీలను అసలువాటితో పోల్చి చూసుకున్నాకే వర్క్‌షాపుకు వచ్చి ఒకటి తెరిచింది. కండక్టరు కాలి ఆకారం తెర మీద నెమ్మదిగా తిరుగుతూ కనిపించింది. చిటపట గుక్కెడు నీళ్ళు తాగి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు మీటింగు. యజమాని గొంతు సవరించుకున్నాడు. "పాత కంప్యూటర్లను ముందుచూపుతో ఒక సురక్షితమైన చోట ఉంచిన మా బావమరిదికి అభినందనలు. ఆ పని చేయకపోతే ఈరోజు మన డేటా ఉండేది కాదు." చప్పట్లు మోగాయి. బావమరిది లేచి వంగి నమస్కరించాడు. చిటపట చేతులు ఒళ్ళోంచి తీయలేదు.

తర్వాత యజమాని ఆమెను వరండాలో పట్టుకుని గొంతు తగ్గించాడు. "ఏం జరిగిందో నాకు తెలుసమ్మా. మొదటి రోజే అర్థమైంది. కానీ ఇంట్లో మా ఆవిడ ముందు... నువ్వు అర్థం చేసుకోవాలి."

ఇన్నేళ్ళూ ఆయన్ని తెలివిలేనివాడనే అనుకుంది. తెలివిలేనివాడి మీద జాలైనా పడవచ్చు. అన్నీ తెలిసి తలూపేవాడిని ఏం చేసుకోవాలి? ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"అర్థమైంది సార్. ఇకమీదట ఫైళ్ళ మీద నేను తప్ప ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. రెండోది, మళ్ళీ కొలతలకు రమ్మని మీవాడు అందరికీ ఫోన్లు చేశాడు కదా. రానక్కర్లేదని, పొరపాటు మనదేనని వాళ్ళకు మీరే చెప్పాలి. మీ నోటితో."

"ఎవరైనా చెప్తే సరిపోదా?"

"ఇంటికొచ్చి మేడమ్‌గారికి నేను చెప్పమంటారా?"

ఆయన ఫోను తీశాడు. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని పేర్లు చెబుతూ పోయింది. కొందరు సరేనన్నారు, కొందరు విసుక్కున్నారు. కండక్టరు మాత్రం ఫోనులోంచి గది నిండేలా మాట్లాడింది.

"పొరపాటు మీదా? ఆ బాబు కంప్యూటర్‌ది అన్నాడే! మీరు పెద్దాయన. కాలు లేనిది నాకు, వెన్నెముక లేనిది మీకా?"

యజమాని చెవి దగ్గర నుంచి ఫోను దూరంగా పట్టుకున్నాడు. చిటపట చెయ్యి చాచి, అది ఆయన చెవికి మళ్ళీ ఆనించింది.

తొడుగు తయారై, కండక్టరు కాలు బిగించుకుని, గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచింది. మలుపు దగ్గర ఒక్కసారి తూలింది, నిలదొక్కుకుంది.

"ఎక్కడైనా నొక్కుతోందా?" అడిగింది చిటపట.

"లేదు," అంది కండక్టరు. మళ్ళీ నడిచి చూసుకుని, "పర్లేదు. బాగానే చేశావు," అంది. లిఫ్టులో టైర్లున్నాయని ఎవరో చెబితే, ఆగకుండా రెయిలింగు పట్టుకుని మెట్ల మీదుగా దిగిపోయింది.